బుచ్చి మీద ఒట్టు

పోయిన వారం మనం సులోచనను గాదె ముందర నిలబెట్టి వచ్చేశాం. ఆదివారం మధ్యాహ్నం. పొయ్యిలోకి ఊక కావాలని పాత గాదెలో చెయ్యి పెట్టిన ఆ ఇల్లాలికి ఊక కింద గట్టిగా ఏదో తగిలింది. పైకి లాగితే బ్లీచింగ్ పౌడరు సంచి. దాని పక్కన ఇంకొకటి. రెండింటికీ మూతి దగ్గర వేసిన కుట్టు వేసినట్టే ఉంది. వారం కిందట హెల్త్ అసిస్టెంటు సత్యం మంచినీళ్ల బావిలో వెయ్యమని ఇచ్చిపోయిన సంచులు అవి. బావిలో మందు వేసినట్టు సత్యం రిజిస్టరులో సర్పంచి జగపతిరావు సంతకం కూడా ఉంది. జగపతిరావు సులోచన భర్త. బావి వాళ్ల పెరట్లోది. రాళ్లకుంట ఊరంతటికీ తియ్యటి నీళ్లు దొరికేది ఆ ఒక్క బావిలోనే.

ఈ వారం కథ గురువారం నాటిది. మధ్యలో మూడు రోజులున్నాయి. చెప్పబుద్ధి కాక వాటిని దాటేసి పోదామనుకున్నాను. కానీ అవి చెప్పకపోతే మీరు సులోచన మీద జాలిపడి ఊరుకుంటారు. జాలిపడండి, నేను కాదనను. అంతా విన్నాక పడండి.

అది డెబ్బై ఏడో సంవత్సరం, ఆషాఢం. రాళ్లకుంట కురవికి అంత దూరమేం కాదు. తొలివానలకు వీధి నీళ్లన్నీ బావిగట్టు విరిగిన వైపు నుంచి లోపలికి దిగాయి. నాలుగు రోజులు తిరక్కుండానే ఊళ్లో గత్తర లేచింది. సత్యం దాన్ని కలరా అనేవాడు. పేరు ఏదైతేనేం, ఆదివారం నాటికి ఆరుగురు పోయారు.

సత్యం జనగామ వైపు మనిషి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సైకిలు మీద వచ్చి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. నీళ్లు కాచి తాగండి, సూది వేయించుకోండి, రోగి బట్టలు వాగులో పిండొద్దు, రెండు వారాలు అంగడి పెట్టొద్దు. “కాచనీకి కట్టెలు నువ్విస్తవా సారూ” అని ఆడవాళ్లు నవ్వారు. అంగడి మాటెత్తితే కిరాణా కొట్టు వీరయ్య కస్సుమన్నాడు. సూది అనే మాట వినబడితే చాలు, మగవాళ్లు కంపచెట్లలో పడి మాయమయ్యేవారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ముందటేడు ఎమర్జెన్సీలో ఇట్లాగే ఒక జీపు వచ్చింది. సూదే అని చెప్పి ఎక్కించుకుపోయి, పిల్లలు పుట్టని ఆపరేషన్ చేసి, మళ్లీ ఊరి బయట దింపిపోయింది. అట్లా దిగినవాళ్లలో జగపతిరావు ఇంట్లో జీతమున్న పోశాలు ఒకడు. అప్పటికి అతనికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, అంత జరిగినా సత్యం మాట నమ్మినవాడు ఊరు మొత్తానికి ఆ పోశాలు ఒక్కడే. “పోయినేడు మోసం జేసినోడు వేరే, ఈ సారు వేరే” అని వాడలో అందరికీ నచ్చజెప్పాడు. బాయిల మందేసిండ్రు, ఇగ భయం లేదు అన్నాడు. అట్లా నమ్మినందుకు అతనికి ఏం దక్కిందో వినండి.

ఆదివారం సాయంత్రం సులోచన అత్తను అడిగింది. రుక్మిణమ్మ వసారాలో కూర్చుని మనవరాలు బుచ్చికి తల దువ్వుతోంది. బుచ్చికి ఆరేళ్లు.

“గా సంచులు గాదెలకెట్ల వచ్చినయి అత్తమ్మా?”

“నేనే పెట్టిన.” దువ్వెన ఆగలేదు.

“బాయిల వేసినమని ఆయన దస్కతు పెట్టిండు గద.”

“వేసిండ్రా అని వాడు నన్నడిగిండు. వేసినమన్న. వానికేమెరుక.” పాయలు తీస్తూ ఆమే అంది, “పోయినేడు మొగోళ్లను గోసిండ్రు. గీయేడు ఆడోళ్ల కడుపులు ఎండవెట్టే మందు తెచ్చిండ్రు. బాయిల ఏస్తె ఊరంత తాగుతది, నువ్వూ తాగుతవు. బుచ్చి పుట్టినంక నీకు రెండు కడుపులు నిలువకపాయె బిడ్డా. ఇగ వచ్చే మూడోదన్న నిలువాలెనా వద్దా?”

“అది పురుగు సచ్చే మందు. సత్యం సారు చెప్పిండు గద.”

“పోయినేడు గూడ గట్లనే చెప్పిండ్రు. సూదే అన్నరు.”

పోయినేటి మాట అబద్ధమని నేనూ అనలేను. రుక్మిణమ్మ చెడ్డ మనిషి కాదు. కోడలికి రెండుసార్లు కడుపు పోయినప్పుడు నెలల తరబడి వేణ్ణీళ్లు పోసి, కారం పొడి అన్నం తన చేత్తో కలిపి పెట్టి, ఆ పిల్ల ఏడుస్తుంటే తానూ ఏడ్చిన అత్త. మనవడు కావాలన్న ఆశతో చేసింది, చేటు చెయ్యాలని కాదు. కానీ చేటు జరిగింది.

ఆమె బుచ్చిని దగ్గరికి లాగి, సులోచన చెయ్యి పట్టి పిల్ల నడినెత్తిన పెట్టింది. “ఎవలకూ చెప్పనని ఒట్టెయ్యి. అబద్ధాల దస్కతు పెట్టిండని తెలిస్తె నా కొడుకు సర్పంచిగిరి పోవుడే గాదు, పట్టుకపోయి జేల్ల ఏస్తరు.”

సులోచన ఒట్టు వేసింది. మానుకోటలో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నదే. అయినా కన్నబిడ్డ నెత్తిన చెయ్యిపెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ బిడ్డకే తగులుతుందని ఆమె గట్టిగా నమ్మింది. ఊళ్లో గత్తర తిరుగుతున్న రోజుల్లో ఏ తల్లి నమ్మకుండా ఉంటుంది చెప్పండి.

ఆ సాయంత్రం నుంచే బుచ్చికి వేరే నీళ్లు కాచింది. వంటింటి వెనకాల, ఎవరూ చూడకుండా, ఒక ఇత్తడి చెంబులో. తనకు మాత్రం కాచుకోలేదు. ఊరు తాగే నీళ్లే తానూ తాగుతోంది కనుక తప్పేమీ లేదని మనసుకు చెప్పుకుంది. మనసు ఎంతవరకు ఒప్పుకుందో నాకు తెలియదు.

ఇక సోమవారం.

వాడ వాళ్లు ఆ బావి చేంతాడు ముట్టుకోకూడదు. పెరటి గోడకు అవతల కుండ పెట్టుకుని నిలబడితే, ఇంట్లో మనిషి చేది పోస్తుంది. రోజూ పోసే పనిమనిషి గత్తరకు జడిసి తల్లిగారింటికి పోయింది కాబట్టి ఆ వారమంతా సులోచనే పోస్తోంది. సోమవారం పొద్దున పోశాలు పెద్దబిడ్డ సమ్మక్క వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. తన నడుము కంటే పెద్ద కుండ తెచ్చుకుంది.

“దొరసాని, ముందుగాల నాకు తాగనీకి పొయ్యుండ్రి. దూప అయితాంది” అని దోసిలి పట్టింది.

సులోచన చేద పట్టుకుని అట్లాగే నిలబడింది. చివరికి, “జర కాచుకొని తాగరాదు బిడ్డా” అంది, పక్కవాళ్లకు వినబడనంత మెల్లగా.

“మందేసినంక కాచుడెందుకు దొరసాని” అని నవ్వింది సమ్మక్క. “మా బాపు చెప్పిండు. వాసన గూడ వస్తలేదు, మంచిగున్నయి నీళ్లు.”

వెనకాల ఇంకా నలుగురు ఆడవాళ్లు కుండలతో నిలబడ్డారు. వసారాలో రుక్మిణమ్మ ఒడిలో బుచ్చి కూర్చుని ఉంది. సులోచన ఆ పిల్లను చూసింది, ఈ పిల్లను చూసింది. తర్వాత చేద వంచింది. సమ్మక్క మూడు దోసిళ్లు తాగి, మూతి తుడుచుకుని, కుండ నింపుకుని పోయింది.

మంగళవారం ఆ పిల్ల మంచం పట్టింది. బుధవారం తెల్లవారేసరికి పోయింది. ఇవీ ఆ మూడు రోజులు.

గురువారం పొద్దున్నే జగపతిరావు వాకిలి జనంతో నిండింది. నలుగురు కలిసి సత్యాన్ని రెక్కలు పట్టుకుని తీసుకొచ్చి వసారా స్తంభానికి కట్టేశారు. చొక్కా చిరిగిపోయింది, ఒక కన్ను వాచింది. ముందు నిలబడినవాడు కిరాణా కొట్టు వీరయ్య. ఆదివారానికి ముందు పోయిన ఆరుగురిలో ఆయన తమ్ముడూ ఒకడు. అంగడి గురించి సత్యంతో కొట్లాడినప్పుడు వీరయ్యది వ్యాపారం బాధ. ఈ పొద్దు అది కాదు. రెండు రోజులుగా ఆ మనిషి అన్నం కూడా తినలేదు.

“దొరా, మీరే సూడుండ్రి” అన్నాడు జగపతిరావుతో. “వీడు రాకముందు సచ్చింది ఇద్దరు. బాయిల మందేసిన సంది ఐదుగురు. మందులనే ఉన్నది మాయ. మనల్ని తగ్గించనీకి పంపిండ్రు వీన్ని.”

“గట్ల కాదు వీరయ్యా. పోలీసులకు చెప్పి రాసి పంపుదాం” అన్నాడు జగపతిరావు. ఆయన గొంతులో ఆయనకే నమ్మకం లేదు.

“పోలీసులు వచ్చేదాక ఎవలుంటరు, ఎవలు పోతరు. వీని సైకిల్ మీద ఇంకో సంచి దొరికింది. మేమందరం తాగినం గద, వీడు గూడ తాగుతడు.”

అప్పటికే ఒకడు బకెట్లో పౌడరు కలుపుతున్నాడు. ఆ ఘాటు వాకిలంతా కమ్ముకుని, ముందు వరసలో వాళ్లు తువ్వాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. బావిలో ఇటువంటి వాసన ఎప్పుడైనా వచ్చిందా అని ఒక్కరికైనా తోచి ఉంటే బాగుండేది. దుఃఖంలో ఉన్నవాడికి అంత ఆలోచన ఎక్కడిది.

సత్యం బకెట్ వంక చూసి పెదవులు తడుపుకున్నాడు. “బాయికి ఏసేది ఇంత పలుచన. గట్ల చిక్కగ తాగిపిస్తె పేగులు కాలి సస్త అన్నా.”

“మా తమ్ముని పేగులు కాలలేదా?”

సత్యం తల వంచుకున్నాడు. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. “మందు పనిజెయ్యాలె. పనిజెయ్యకుండ ఉండేటిది కాదు. ఎక్కడ తప్పిందో నాకే సమజయితలేదు. కొలత నేనే తప్పు జెప్పిన్నో ఏమో. నా తప్పే అయితె మీ ఇష్టం.”

తలుపు చాటున సులోచన ఆ మాట విన్నది. ఆమె ఒక చేతి మణికట్టును రుక్మిణమ్మ గట్టిగా పట్టుకుని ఉంది. రెండో చేతి వేళ్లు బుచ్చి పట్టుకుంది. కొడతారనో చంపుతారనో విని ఉంటే సులోచన ఇంకా కొంతసేపు ఆగేదేమో. తాను చెయ్యని తప్పును తనలోనే వెతుక్కుంటున్న ఆ మనిషిని చూసి మాత్రం ఆగలేకపోయింది.

“అత్తమ్మా, ఇడువుండ్రి.”

“పిల్ల మీద ఒట్టేసినవు సులోచనా.” రుక్మిణమ్మ పట్టు సడలనివ్వలేదు. “పిల్ల మీద.”

“ఎరుకే.”

సులోచన మణికట్టు గుంజుకుని, వంగి బుచ్చి వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకుంది. పిల్ల ముఖం రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి చూసింది. నుదురు చల్లగానే ఉంది, కళ్లు తేటగానే ఉన్నాయి. ఇంకొక గంటకు ఎట్లా ఉంటుందో తెలియదు. అయినా గాదె దగ్గరికి పోయింది. రెండు సంచులూ ఊకలోంచి ఈడ్చుకుంటూ తెచ్చి, మగవాళ్లందరి ముందరికీ వచ్చి, వసారా అరుగు మీద పడేసింది. ఆ ఇంటి కోడళ్లు అట్లా వాకిట్లోకి వచ్చింది అంతకుముందు లేదు. ముందున్నవాళ్లు తెలియకుండానే రెండడుగులు వెనక్కి జరిగారు.

“బాయిల మందు వెయ్యలే” అంది. ఒక సంచిని ముందుకు నెట్టింది. “వేసినమని సారుకు అబద్ధం జెప్పినం. గివి ఆయన ఇచ్చిన సంచులే. కుట్టు గూడ ఇప్పలే. చూసుకోండ్రి.”

జగపతిరావు సంచుల వంక చూశాడు. తర్వాత తల్లి వంక చూశాడు. రుక్మిణమ్మ గడప మీదే కూలబడి, బుచ్చిని ఒడిలోకి లాక్కుని, పైనుంచి ఏదో పడబోతున్నట్టు పిల్ల నెత్తి మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

వీరయ్య ఒక సంచి మూతి తడిమాడు. బకెట్ దగ్గర వాసన, సంచి దగ్గర వాసన ఒకటే. అప్పుడు అర్థమైంది ఆయనకు. ఇంతకాలం ఊరు తాగింది మందు లేని నీళ్లు. ఎవరో ఒకరు బకెట్‌ను కాలితో తన్నేశారు. వీరయ్యే వెళ్లి సత్యం కట్లు విప్పాడు. సత్యం స్తంభానికి ఆనుకుని కిందికి జారి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. బతికినందుకో, కొలత తప్పు చెప్పనందుకో, ఎందుకో ఆయనకే తెలియాలి.

ఇంతలో జనం వెనక నుంచి పోశాలు వచ్చాడు. పొద్దటినుంచీ అతను గేటు దగ్గర గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి ఒక రోజు కూడా కాలేదు. అరుగు దగ్గరికి వచ్చి, వంగి, సంచి మూతి మీద కుట్టును వేలితో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడుముకుంటూ పోయాడు.

“వీటిని ఎన్నడు జూసిండ్రు దొరసాని?”

సులోచనకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. సంచులు ఈడ్చుకొస్తున్నప్పుడే తెలుసు. జగపతిరావు ముందుకొచ్చి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. “ఇయ్యాల పొద్దున జూసినట్టుందిరా. చూడంగనే తెచ్చి చెప్పింది గద” అన్నాడు. భార్యను కాపాడుకోవాలనే అన్నాడు. ఆమె ఊ అంటే చాలు. కాదనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు, ఒక్క రుక్మిణమ్మ తప్ప. రుక్మిణమ్మ ఎందుకు కాదంటుంది.

సులోచన భర్తను పక్కకు జరిపింది.

“ఆదివారం” అంది.

పోశాలు తల ఎత్తాడు. “ఆదివారం” అన్నాడు, దాన్ని మనసులో ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలాగ. “సోమారం పొద్దుగాల మా సమ్మక్క వచ్చింది గద నీళ్లకు.”

“వచ్చింది.”

“పోసిందెవలు?”

“నేనే పోసిన పోశాలూ.”

తిట్టినా బాగుండును. రాయి తీసుకుని కొట్టినా ఆమె నిలబడే ఉండేది. పోశాలు తువ్వాలు భుజం మీంచి తీసి, మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు.

“బాయిల మందేసిండ్రు, నిమ్మలంగ తాగు బిడ్డా అని నేనే జెప్పి పంపిన దొరసాని” అన్నాడు. “వాళ్లవ్వ కాస్తనంటె, కట్టెలు దండుగ అన్న.”

సులోచన చేతులు జోడించబోయింది. ఆ మనిషి ముందర జోడించడానికి చేతులు లేవలేదు. ఏడుపు కూడా రాలేదు. ఏడిస్తే అందరూ తన వంకే చూస్తారని, ఓదారుస్తారని ఆమెకు సిగ్గనిపించింది.

“నేను మీ తాన పంచాతికి రాలే” అన్నాడు పోశాలు. “చిన్నది, చంద్రికి, తెల్లారినకాన్నుంచి వాంతులైతున్నయి. వాళ్లవ్వ కుండ ముందరేసుకొని కూసుంది, పొయ్యాల్నా వద్దా అనుకుంట. మందు బాయి నీళ్లే తాపు, ఏం గాదు అని చెప్పి ఇటు వచ్చిన. సారు కట్లు ఇప్పుతరేమో, అడుగుదామని కూసున్న.” తర్వాత మెల్లగా, ఎవరినీ నిందించకుండా అడిగాడు.

“నాకింక పుట్టేటోళ్లు లేరు, మీకెరుకే. బిడ్డ నీళ్లు నీళ్లని ఏడుస్తంది. ఏ నీళ్లు తాపాలె దొరసాని?”